మా బావ తనను తాను దాటిన వైనం

మా బావ పళ్ళు కడతాడు. అంటే డాక్టరు కాదు. డాక్టరు ఎవరి నోట్లోనో అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి చిగుళ్ళ నమూనా తయారు చేస్తాడు. దాని మీద మైనం పరిచి ఒక్కొక్క పన్నూ నిలబెడతాడు. ఆ మైనం స్థానంలో గులాబీరంగు ప్లాస్టిక్ పోసి, ఉడికించి, అరగదీసి, నునుపు చేసి డబ్బాలో పెట్టి తిరిగి పంపిస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. మా ఊళ్ళో పళ్ళు బయటపెట్టి నవ్వే ముసలివాళ్ళలో సగం మంది మా బావ పళ్ళతోనే నవ్వుతున్నారు. ఈయనెవరో వాళ్ళకు తెలియదు, వాళ్ళెవరో ఈయనకు తెలియదు. పేరంతా డాక్టరుకే.

యాభై రెండో ఏట ఈ సంగతి ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఒకరోజు బస్సులో ఎదురు సీటు పెద్దాయన ఆవలిస్తే మా బావ ఆ పళ్ళను గుర్తుపట్టాడట. ఆనందం పట్టలేక ముందుకు వంగి, "అయ్యా, ఆ పళ్ళు నావండీ" అన్నాడట. పెద్దాయన గబుక్కున నోరు మూసుకుని, సంచీ తీసుకుని వెనక సీటుకు వెళ్ళిపోయాడు. ఆ రోజు మా బావ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని అక్క చెప్పింది. "ఇన్నేళ్ళు బతికి నేను సాధించిందేమిటి?" అని గోడను అడుగుతూ కూర్చున్నాడట.

సరిగ్గా ఆ వారమే లైబ్రరీ గోడ మీద ఒక కాగితం వెలిసింది. 'మీ జీవితానికి అర్థం ఏమిటి? మూడు మెట్లు. ఒక్కో మెట్టుకు పన్నెండు ఆదివారాలు. ప్రవేశం ఉచితం.' ఉచితం అన్న మాట దగ్గరే మా బావ మొదటి మెట్టు ఎక్కేశాడు.

చెప్పేవాయన కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. కళ్ళు మూసుకుని మెల్లగా మాట్లాడతాడు. ఆయన మీద నాకేమీ కోపం లేదు. మా బావ బలవంతం మీద ఒక ఆదివారం నేనూ వెళ్ళి విన్నాను. బోర్డు మీద ఒక త్రికోణం గీసి, అడుగున తిండి, దాని పైన భద్రత, ఆ పైన ప్రేమ, ఇంకా పైన గౌరవం అని రాసి, కొసన ఆత్మసాఫల్యం అని రాశాడు. తరవాత త్రికోణానికి పైన, ఖాళీ జాగాలో, ఒక చుక్క పెట్టాడు. "మనిషి అసలు చేరవలసింది ఇక్కడికి. తనను తాను దాటాలి. అర్థం కోసం మనలోకి మనం తొంగిచూసుకుంటూ కూర్చుంటే దొరకదు. ఒక పనిలోనో, ఎదుటి మనిషిలోనో మనల్ని మనం మరిచిపోతే అదే వస్తుంది" అన్నాడు. బాగానే చెప్పాడు. చిక్కేమిటంటే, ఆ మాటల్లో మా బావకు వినబడింది 'మనం' ఒక్కటే. ఆ చుక్క తన కోసమే పెట్టారనుకున్నాడు.

అప్పటినుంచి ఆయన చెయ్యి పడిన ప్రతిచోటా త్రికోణమూ, చుక్కా. పాల ప్యాకెట్ల చీటీ మీద, క్లినిక్ నుంచి వచ్చే ఆర్డరు కాగితాల మీద, చివరికి ఎవరిదో ప్లాస్టర్ దవడ మీద కూడా.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నాది జిరాక్స్ షాపు. మా బావ పనిగదికి సరిగ్గా కింద. తరగతిలో ఇచ్చే ప్రశ్నల కాగితాలు నింపి, నా దగ్గరికి తెచ్చి మూడేసి కాపీలు తీయించుకునేవాడు. ఒకటి మాస్టారికి, ఒకటి ఫైలుకి, మూడోది ఎందుకని అడిగితే "ముందుముందు ఎవరికైనా ఉపయోగపడొచ్చురా" అన్నాడు. జిరాక్స్ తీసేవాడు చదవకూడదన్న నియమం ఎక్కడా లేదు. నేను ప్రతి అక్షరం చదివాను.

'ఈ వారం మీ అహం ఎన్నిసార్లు తలెత్తింది?' అన్న ప్రశ్నకు, 'ఒక్కసారి కూడా లేదు. ఈ విషయంలో తరగతిలో నేనే ముందున్నాను' అని రాశాడు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ నా దగ్గరే, షాపు వెనక సందులో ఉన్న మా ఇంట్లో ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏది రాదో చెప్పిన మనిషి. ఊరంతా ఆవిడ గొంతును గుర్తుపడుతుంది. కూరగాయల కొట్లో 'అరకిలో' అని నోరు తెరిస్తే చాలు, పక్కవాళ్ళు వెనక్కి తిరిగి "మీరు బస్టాండమ్మ కదూ?" అనేవాళ్ళు. రిటైరై పదమూడేళ్ళయినా ఆ పేరు పోలేదు. అమ్మకు ఆస్తి అంటూ ఉన్నది ఆ గొంతే.

చిగుళ్ళ జబ్బు వచ్చి, మిగిలిన తొమ్మిది పళ్ళూ క్లినిక్ డాక్టరమ్మ పీకేసింది. చిగుళ్ళు మానాక కొత్త సెట్టు కట్టించుకోవచ్చంది. మా బావ అక్కడే ఉన్నాడు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "అత్తయ్య నోట్లో ఇంకొకడి చేతిపనా? నా కంఠంలో ప్రాణం ఉండగా కుదరదు. నేను కడతాను. నా ముప్పై ఏళ్ళ పనిలో అది తలమానికంగా ఉంటుంది" అన్నాడు. మూడో నెలలో డాక్టరమ్మ అచ్చు తీసి బావకు పంపించింది. రెండు వారాల పని.

ఐదు నెలలు గడిచాయి.

ఆ ఐదు నెలల్లో అమ్మ మాట్లాడటం మానేసింది. త, ద, స పలకబోతే గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆ గాలి చప్పుడు ఎవరికీ వినిపించడం ఆవిడకు ఇష్టం లేదు. ఇంటికెవరైనా వస్తే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని తల ఊపేది. పక్కింటావిడ "మీ అమ్మగారికి ఈమధ్య పొగరెక్కిందండీ" అని నాతోనే అంది. అందరం బల్ల దగ్గర కూర్చుంటే, అమ్మ వంటగదిలో గోడవైపు తిరిగి పాలలో నానబెట్టిన రొట్టె తినేది. ఏదైనా చెప్పాలంటే నా షాపులో పాడైన జిరాక్స్ కాగితాల వెనక రాసి ఇచ్చేది. వేరే ఎవరి దగ్గరైనా కట్టిద్దామంటే ఒప్పుకోదు. అల్లుడి మనసు నొచ్చుకుంటుందట. ఒకరోజు ఒక కాగితం నా చేతిలో పెట్టింది. 'అల్లుడికి వీలున్నప్పుడే అని చెప్పు. కానీ చెప్పు' అని రాసి ఉంది.

ఆ కాగితం జేబులో ఉండగానే బావ కొత్త ప్రశ్నలు తీసుకొచ్చాడు. రెండో మెట్టు, ఏడో వారం. 'ఈ లోకంలో మీ కోసం ఎదురుచూస్తున్నది ఎవరు?' అని ప్రశ్న. దాని కింద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క మాట. 'మానవాళి.'

మూడు కాపీలూ తీశాను. తీసి, నేనే పైకి తీసుకెళ్ళాను. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. మా బావ కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ముందు బల్ల మీద ఆయన నింపిన కాగితాల దొంతర. అవి ఎగిరిపోకుండా పైన ఒక బరువు పెట్టాడు. చూద్దును కదా, ప్లాస్టర్ దవడ. పక్కన పెన్సిలుతో 'అత్తయ్య' అని రాసి ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "బావా, ఇది మా అమ్మ నోరు" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచి, చాలా ప్రశాంతంగా, "తెలుసు. ఆ పని మామూలు మనసుతో ముట్టుకోకూడదురా. సిద్ధమవుతున్నాను" అన్నాడు.

"మీరు సిద్ధమయ్యేలోగా అమ్మ మాటలు మరిచిపోయేలా ఉంది."

"నువ్వింకా కింది మెట్టు దగ్గరే ఉన్నావు. తిండి, తిప్పలు, పళ్ళు. అక్కణ్ణుంచి చూస్తే నేను చేసేది నీకు అర్థం కాదు."

పక్క గదిలో అక్క ప్లాస్టర్ కలుపుతోంది. పెళ్ళైనప్పటినుంచీ ఆ గదిలో సగం పని ఆవిడదే. గిన్నెలో గరిట టకటకా మోగింది. కాగితాలు అక్కడ పడేసి కిందికి దిగిపోయాను. దిగుతూ మెట్ల మీద నవ్వుకున్నాను కూడా. నా షాపుకొచ్చేవాళ్ళకు మానవాళి కథ చెప్పి నెలరోజులు నవ్వించాను. అమ్మను నేనే చెయ్యి పట్టుకుని ఇంకో చోటికి తీసుకెళ్ళి ఉండాల్సింది. అది చెయ్యకుండా జోకులు వేసుకుంటూ కూర్చున్నాను. ఈ విషయంలో నన్ను నేను క్షమించుకోలేదు.

మూడో మెట్టుకు వచ్చేసరికి పని గాలికి వదిలేసినట్టే అయింది. చేతులు కదులుతుంటాయి, మనిషి మాత్రం చుక్క దగ్గర ఉంటాడు. ఒకరోజు డాక్టరమ్మ కబురుచేసి క్లినిక్‌కి పిలిపించింది. పాత కరెంటు బిల్లుల జిరాక్సులు ఇవ్వడానికి నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. బల్ల మీద మూడు సెట్లు వరసగా పెట్టింది. ఒకటి రిటైరైన పోస్ట్‌మ్యాన్‌ది, ఒకటి కుట్టుపని చేసే పెద్దావిడది, ఇంకొకటి ఎవరో లారీ డ్రైవరుది. ముగ్గురూ వెనక్కి ఇచ్చేశారు. అద్దంలో చూసుకుంటే మొహం తమది కానట్టుందన్నారట.

"ఒకసారి చూడండి" అంది డాక్టరమ్మ.

మూడింటిలోనూ పై వరసలో ఎడమవైపు ముందు పన్ను పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంది. కోరపన్ను లోపలికి తిరిగి ఉంది. నేను ఆ సెట్లకేసి చూశాను, తలెత్తి మా బావ మొహంకేసి చూశాను. ఆశ్చర్యంతో ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎడమవైపు ముందు పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంది. కోరపన్ను లోపలికి తిరిగి ఉంది.

అది ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటట. ఎదురుగా ఉన్న దవడ ఎవరిదో చూసుకోకుండా, పాత ఫోటో అడక్కుండా, ధ్యాస లేకుండా పళ్ళు నిలబెడితే, చేతులు తమకు బాగా తెలిసిన నోటినే కడతాయి. పుట్టినప్పటినుంచి నాలుక తడుముతున్నది ఆ నోటినే కదా.

"మిమ్మల్ని మీరు దాటేశారని అందరూ చెప్పుకుంటున్నారు. దాటి వీళ్ళ నోళ్ళలోకి వెళ్ళారా?" అంది డాక్టరమ్మ. ఆవిడ నవ్వలేదు. "మూడూ మళ్ళీ కట్టండి. మీ అత్తగారిది ఎంతవరకు వచ్చింది? ఐదు నెలల కిందటి అచ్చు ఇక పనికిరాదు. చిగుళ్ళు కుదించుకుపోయి ఉంటాయి. మళ్ళీ మొదటినుంచి తియ్యాలి."

మా బావ మూడు సెట్లూ సంచీలో వేసుకుని గబగబా బయటపడ్డాడు. దారిలో మాత్రం తేరుకున్నాడు. "నేను ఎంతగా అందరిలో కలిసిపోయానో చూశావా?" అన్నాడు. నేను రోడ్డు దాటి అవతలి వైపు నడిచాను.

ఆ తరవాతి ఆదివారం ముగింపు సభ. మూడు మెట్లూ ఎక్కినవాళ్ళు ఒక్కొక్కరు పది నిమిషాలు మాట్లాడాలి. కుటుంబాలను తీసుకురావాలి. మా బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరినీ బయలుదేరదీశాడు. అమ్మ రానని తల ఊపింది. "అత్తయ్యా, మీరు లేకపోతే ఎలా?" అని ఆయనే చెయ్యి పట్టుకుని లేవదీశాడు. పాపం, అది మాత్రం నిజమైన ప్రేమతోనే చేశాడు.

లైబ్రరీ పై హాల్లో ఎనభై మంది ఉంటారు. మా బావ నలభై నిమిషాలు మాట్లాడాడు. 'నేను' అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడదామనుకుని నూరు దగ్గర వదిలేశాను. 'నేను నన్ను ఎలా మరిచిపోయానంటే' అని మొదలుపెట్టి, ఏ రోజు ఏ పూట ఎంత మరిచిపోయాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

మాస్టారు కళ్ళు తెరిచి, "మార్పు బయటివాళ్ళకంటే ఇంట్లోవాళ్ళకు బాగా తెలుస్తుంది. వీరి కుటుంబం నుంచి ఎవరైనా ఒక్క మాట చెబుతారా?" అని అడిగాడు. అక్క తల దించుకుంది. నేను చెప్పులకేసి చూసుకున్నాను. పక్కన కుర్చీ కిర్రుమంది.

అమ్మ లేచింది. నడిచి వెళ్ళి మైకు అందుకుంది. మామూలు జనంలా మూతికి ఆనించుకోలేదు, నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుంది. రెండో చెయ్యి నోటి మీదనుంచి తీసేసింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి జనం ముందు నోరు తెరిచింది.

"ప్రయాణికులకు గమనిక" అంది.

వెనక వరసలో ఎవరో "బస్టాండమ్మ!" అన్నారు.

"మా అల్లుడుగారు కట్టవలసిన పళ్ళ సెట్టు ఐదు నెలలు ఆలస్యంగా నడుస్తున్నది. ఎప్పుడు వచ్చేదీ తెలియదు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

పాత పద్ధతిలోనే, పాత నిదానంతోనే చెప్పింది. కానీ సెట్టు అన్నచోట గాలే వచ్చింది. చింతిస్తున్నాము అన్నచోట పెదాలు లోపలికి ముడుచుకుపోయి ఏమీ రాలేదు. హాలు గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో ఆవిడ రెండో చెయ్యి నోటివైపు లేచి, సగంలో ఆగి, కిందికి దిగడం కనబడింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎనభై మంది ఎదుట తన బోసినోరు చూపించడానికి ఆవిడ ఎంత గుండె దిటవు చేసుకుని ఉంటుందో నాకు తెలుసు. హాలు కూడా మెల్లగా సద్దుమణిగింది. మాస్టారు ఈసారి కళ్ళు మూసుకోలేదు. మా బావనే చూస్తూ ఉన్నాడు.

సభ అయిన మూడోరోజు పొద్దున మా బావ కాఫీ తాగుతూ గొంతు సవరించుకున్నాడు. "ఈ అవమానంలో కూడా నాకొక అర్థం..." అని మొదలుపెట్టాడో లేదో, అక్క గరిట కింద పెట్టింది.

"అర్థం సంగతి తరవాత చూద్దాం. ముందు అమ్మని క్లినిక్‌కి తీసుకెళ్ళి అచ్చు తీయించుకు రండి" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆయన మాటకు అడ్డం రావడం అదే మొదలు. ఆయన కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

డాక్టరమ్మ మళ్ళీ అచ్చు తీసింది. మళ్ళీ ప్లాస్టర్, మళ్ళీ మైనం. అమ్మ ఉద్యోగంలో ఉన్నప్పటి ఫోటో కావాలని నా దగ్గరికి వచ్చాడు. మైకు ముందు ఎవరి మాటకో పకపకా నవ్వుతున్న ఫోటో ఒకటుంది. దాన్ని పెద్దది చేసి ఇచ్చాను. ఒకే కాపీ తీసుకున్నాడు. ఆ పదిరోజులు నేను టీ పట్టుకెళితే బల్ల అంచున చల్లారిపోయేది. ఫోటోలో అమ్మ ముందుపళ్ళ మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ సందు కోసం ఒక పూటంతా ఆ రెండు పళ్ళతోనే కుస్తీ పట్టాడు. అక్క ఎన్నిసార్లు పిలిచినా ఆయనకు వినబడలేదు. ఆ పదిరోజుల గురించి ఎక్కడా ఉపన్యాసం చెప్పలేదు. బహుశా అప్పుడు తానేం చేస్తున్నాడో ఆయనకే తెలిసి ఉండదు.

ఆదివారం మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అమ్మ బల్ల దగ్గర కూర్చుంది. సెట్టు పెట్టుకుంది, పళ్ళు కలిపింది, విడదీసింది. మా బావ కుర్చీ ముందు నేల మీద గొంతుక్కూర్చుని, పైకి చూస్తూ, "ఎక్కడ నొక్కుతోంది అత్తయ్యా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఎప్పుడూ డాక్టర్లు అడిగేదే. తన పళ్ళు పెట్టుకున్న మనిషిని ఆయన అడగడం అదే మొదటిసారి. అమ్మ కుడివైపు వేలు పెట్టి చూపించింది. షాపు పైన పనిగదికి వెళ్ళి అరగదీసుకొచ్చాడు. తరవాత వెనక, తరవాత నాలుక కింద. ఆరుసార్లు మెట్లెక్కి దిగాడు. ఏడోసారి అమ్మ రొట్టెముక్క కొరికి, నమిలి, మింగింది.

"ఇక వెళ్ళొస్తాను అత్తయ్యా" అని లేచాడు. మొహం వెలిగిపోతోంది.

"ఉండండి బాబూ" అంది అమ్మ. త, ద, స అన్నీ ఉన్న పాత గొంతు. "మా చెల్లెలికి ఫోన్ కలపండి. నేను అలిగాననుకుంటోంది. నాలుగు నెలలనాడు దానికి ఆపరేషన్. ముందురోజు మధ్యాహ్నం నాలుగుసార్లు చేసింది. పక్కనే కూర్చుని మోగడం విన్నాను. ఎత్తి ఏం మాట్లాడను? ఆ తరవాత అది చెయ్యడం మానేసింది."

ఈ సంగతి నాకు కూడా తెలియదు. ఆ వేళకు నేను షాపులో మానవాళి కథ చెబుతూ ఉండి ఉంటాను.

మా బావ ప్లాస్టిక్ పొడి అంటిన వేళ్ళతో నంబరు నొక్కి అమ్మకిచ్చాడు. "నేనేనే" అంది అమ్మ. అంతే, అవతల పిన్ని ఏడుపు గదంతా వినిపించింది. చచ్చానో బతికానో కూడా అడగలేదే, నీకేం ద్రోహం చేశానే అని ఒకటే ఏడుపు. అమ్మ ఏదో చెప్పబోతోంది గానీ మాట సాగడం లేదు. పళ్ళున్నా సాగడం లేదు.

మా బావ కొంచెంసేపు విన్నాడు. మొహంలో వెలుగు ఎప్పుడు పోయిందో చూడలేదు. చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు.

"చిన్నత్తయ్యా, ఆవిడ అలగలేదు. నోట్లో పళ్ళు లేవు. కట్టాల్సింది నేను. కట్టలేదు" అన్నాడు.

మా బావ నోట అంత పొట్టి ఉపన్యాసం నేనెప్పుడూ వినలేదు. ఫోను అమ్మకిచ్చేసి, చేతులు కడుక్కోవడానికి వంటగదిలోకి వెళ్ళాడు.